ఇంట్లో పాత సర్వర్ మారుస్తున్నారా? పాతది ఆపకముందే చేయాల్సిన పనులు

ఏళ్ల తరబడి ఆగకుండా నడుస్తున్న పాత డెస్క్‌టాప్ ఒకటి మీ ఇంట్లో ఉండి, పిల్లల ఫొటోలు, పెళ్లి వీడియోలు, స్కాన్ చేసి పెట్టుకున్న భూమి కాగితాలు, సినిమాలు అన్నీ దాంట్లోనే ఉన్నాయంటే, అది బాగా నడుస్తున్నప్పుడే మార్చుకోవాలి. చచ్చిపోయాక మార్చడమంటే డేటా రికవరీ షాపుల చుట్టూ తిరగడమే, అక్కడ అడిగే డబ్బుతో రెండు కొత్త సర్వర్లు కొనొచ్చు. లినక్స్ వేసిన పాత డెస్క్‌టాప్‌లో ఒకటి రెండు హార్డ్‌డిస్కులు పెట్టుకుని సాంబా (ఫైళ్లు ఇంట్లో అందరికీ పంచేది), జెల్లీఫిన్ (సినిమాలు టీవీకి పంపేది), ఇమిచ్ (ఫొటోలు దాచేది), పై-హోల్ (ఇంటి నెట్‌వర్క్‌లో ప్రకటనలు ఆపేది) లాంటివి నడుపుకునేవాళ్లని దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. సినాలజీ లాంటి రెడీమేడ్ నాస్ (నెట్‌వర్క్‌లో డిస్కులు పంచే డబ్బా) ఉన్నవాళ్లకి కూడా సగం వరకూ పనికొస్తుంది.

అన్నిటికంటే ముఖ్యమైన మాట ముందే చెప్పేస్తాను. పాత డబ్బా విప్పి, దాంట్లోనే కొత్త మదర్‌బోర్డు బిగించి, అవే డిస్కులతో మళ్లీ లేపుదాం అనే ఆలోచన మానేయండి. కొత్త మెషీన్ పక్కన పెట్టండి, కొత్త డిస్క్ పెట్టండి, డేటా కాపీ చేయండి, రెండూ కొన్నాళ్లు పక్కపక్కనే నడవనివ్వండి. ఏదైనా తేడా వస్తే పాతది అలాగే ఉంటుంది, కేబుల్ మార్చి మళ్లీ దానికే వెళ్లిపోవచ్చు. ఈ వెసులుబాటు కోసం నాలుగు వేలు ఎక్కువైనా పెట్టండి.

అసలు మార్చాలా, ఉన్నదాన్నే సరిచేస్తే సరిపోతుందా?

స్లోగా ఉంది అన్నదొక్కటే కారణమైతే ఇంకా హార్డ్‌డిస్క్ మీదే ఆపరేటింగ్ సిస్టమ్ నడుస్తోందేమో చూడండి. దాన్ని చిన్న ఎస్‌ఎస్‌డీ మీదకి మారిస్తే మెషీన్ సగం వయసు తగ్గినట్టు అవుతుంది, ఇంకో రెండు మూడేళ్లు లాగించొచ్చు. ఆపరేటింగ్ సిస్టమ్ పాతబడిందన్నది కూడా చాలాసార్లు మెషీన్ మార్చడానికి కారణం కాదు. సెంటాస్ 7కి 2024 జూన్‌తో, ఉబుంటు 20.04కి మామూలు సపోర్టు 2025 మేతో, విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో అయిపోయింది నిజమే, కానీ 64 బిట్ ప్రాసెసర్ ఉంటే డెబియన్ 13 అనే లినక్స్ పదేళ్ల పాత మెషీన్ మీద కూడా ఎక్కుతుంది. 32 బిట్ మెషీన్ ఇంకా వాడుతున్నవాళ్లకి మాత్రం దారి మూసుకుపోయింది, డెబియన్ 13 నుంచి వాటికి ఇన్‌స్టాలరే లేదు.

నిజంగా మార్చాల్సిన కారణాలు వేరే ఉన్నాయి. బోర్డు మీద కెపాసిటర్లు ఉబ్బడం, కారణం లేకుండా రీస్టార్ట్ కావడం, కేబుల్ మార్చినా సాటా (డిస్క్‌ని బోర్డుకి కలిపే కనెక్షన్) ఎర్రర్లు తగ్గకపోవడం. ఫోన్లలో తీసిన హెచ్‌ఈవీసీ (వీడియోని బాగా కుదించే పద్ధతి) వీడియోలు టీవీలో చూడాలంటే సర్వర్ వాటిని మార్చి పంపాల్సి రావడం, పాత ప్రాసెసర్‌కి ఆ పని హార్డ్‌వేర్‌లో చేతకాక నూటికి నూరు శాతం మీద ఆయాసపడటం. ఇక ఆఖరిది కరెంటు, దీని గురించి కొంచెం వివరంగా చెప్పాలి.

ఒక వాట్ ఏడాదంతా కాలితే 8.76 యూనిట్లు. పాత డెస్క్‌టాప్ ఊరికే కూర్చున్నప్పుడు 65 వాట్లు తీసుకుంటోందనుకుందాం, నెలకి దాదాపు 47 యూనిట్లు. అదే పని 12 వాట్లతో చేసే మెషీన్ అయితే తొమ్మిది యూనిట్ల లోపే. తేడా 38 యూనిట్లు. యూనిట్ ఎనిమిది రూపాయలు అనుకుంటే నెలకి మూడు వందలు, ఏడాదికి మూడు వేల ఆరు వందల పైమాటే. మన దగ్గర కరెంటు స్లాబుల లెక్క కాబట్టి సర్వర్ తినే యూనిట్లు ఎప్పుడూ మీ పై స్లాబులోనే పడతాయి, అందుకని మీ బిల్లులో చివరి స్లాబు రేటు చూసి లెక్కేసుకోండి. తెలంగాణలో గృహజ్యోతి కింద 200 యూనిట్ల దాకా జీరో బిల్లు వస్తున్న ఇళ్లలో అయితే ఇది ఇంకా పెద్ద విషయం, ఎండాకాలంలో కూలర్‌తో పాటు ఈ 47 యూనిట్లు కలిస్తే పరిమితి దాటేసి మొత్తం బిల్లు కట్టాల్సి వస్తుంది. ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కి కరెంటు ఇచ్చే పెట్టె) మీద 450 వాట్లు అని రాసి ఉంటుంది, అది గరిష్ఠంగా ఇవ్వగలిగేది, మీ మెషీన్ తింటున్నది కాదు. ప్లగ్‌కీ మెషీన్‌కీ మధ్య పెట్టే వాట్‌మీటర్ గానీ, కరెంటు వాడకం చూపించే స్మార్ట్ ప్లగ్ గానీ ఒక రోజంతా పెట్టి కొలవండి.

ఏం కొనాలంటే

ఎక్కువ మంది చేసే పొరపాటు అవసరానికి మించిన మెషీన్ కొనడం. నలుగురున్న ఇంట్లో ఫొటోలు, సినిమాలు, పై-హోల్, బ్యాకప్ వీటికి పెద్ద సర్వర్ అక్కర్లేదు. ఆఫీసుల్లో లీజు అయిపోయి బయటికొచ్చే మినీ పీసీలు, అంటే డెల్ ఆప్టిప్లెక్స్ మైక్రో, లెనోవో థింక్‌సెంటర్ టైనీ, హెచ్‌పీ మినీలు, వీటిల్లో ఎనిమిదో తరం ఐ5 ఉన్నది చూసుకోండి. ఐ5-8500టి అంటే ఆరు కోర్లు, 35 వాట్ల చిప్, దాంట్లో ఉన్న గ్రాఫిక్స్ పది బిట్ల హెచ్‌ఈవీసీని హార్డ్‌వేర్‌లోనే నమిలేస్తుంది, జెల్లీఫిన్‌కి అంతకంటే ఏం కావాలి. కొత్తదే కావాలంటే 2023లో వచ్చిన ఇంటెల్ ఎన్100 ఉన్న చిన్న డబ్బాలు ఉన్నాయి, నాలుగు కోర్లు, ఆరు వాట్ల చిప్. కరెంటు అతి తక్కువ తింటుంది, కానీ మెమరీ ఛానల్ ఒక్కటే, ర్యామ్ స్లాటు కూడా సాధారణంగా ఒక్కటే. నన్నడిగితే వర్చువల్ మెషీన్లు (ఒకే కంప్యూటర్ లోపల నడిచే వేరే కంప్యూటర్లు) నడపాలనుకునేవాళ్లు ఐ5 మినీ, మిగతావాళ్లు ఏది మంచి ధరకి దొరికితే అది.

2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి కాబట్టి, ఖాళీ డబ్బా చవగ్గా కొని ర్యామ్ తర్వాత వేసుకుందాం అనుకోవద్దు, 16 జీబీ వేసి ఉన్నదే కొనండి. మీ పాత డీడీఆర్3 ర్యామ్ వీటిల్లో పట్టదు.

సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గరి చెనాయ్ ట్రేడ్ సెంటర్, అదే మనం సీటీసీ అంటాం, అక్కడికి వెళ్లి కొనేట్టయితే డబ్బులిచ్చే ముందు షాపులోనే ఆన్ చేయించి చూడండి. బయోస్‌లోకి (ఆన్ కాగానే తెరుచుకునే మూల సెట్టింగుల్లోకి) వెళ్లండి, పాస్‌వర్డ్ అడిగితే ఆ పీస్ వదిలేయండి. తారీఖు, టైమ్ తప్పుగా ఉంటే లోపలి సీఆర్2032 బ్యాటరీ అయిపోయిందని అర్థం, కొత్తది వేయించుకోండి, అది లేకపోతే కరెంటు తీసిన ప్రతిసారీ సెట్టింగులు పోతాయి. అడాప్టర్ ఆ కంపెనీదేనా చూడండి, డెల్ వాటికి అడాప్టర్‌ని గుర్తుపట్టకపోతే ప్రాసెసర్ వేగం తగ్గించేసే అలవాటు ఉంది. ఫ్యాన్ శబ్దం వినండి.

మినీ పీసీతో ఒక ఇబ్బంది ఉంది. దాంట్లో ఒక ఎన్‌వీఎంఈ (చిన్న పలక లాంటి ఎస్‌ఎస్‌డీ), మహా అయితే ఒక 2.5 అంగుళాల డిస్క్ పడతాయి. మీకు 3.5 అంగుళాల డిస్కులు రెండు మూడు కావాలంటే టవర్ గానీ నాస్ డబ్బా గానీ తీసుకోండి. యూఎస్‌బీ డాక్‌లలో డిస్కులు పెట్టి వాటి మీద రెయిడ్ (డిస్కులన్నిటినీ ఒకే డిస్క్‌లా కలిపి వాడే పద్ధతి) కట్టడం నేను ఎవరికీ చెప్పను, కనెక్షన్ ఒక్క క్షణం తెగితే డిస్క్ పోయిందనుకుని రెయిడ్ దాన్ని బయటికి తోసేస్తుంది. బ్యాకప్ డిస్క్ ఒకటి యూఎస్‌బీకి తగిలించడం వేరు, అది పర్లేదు.

డిస్కుల సంగతి

పాత డిస్కుల ఆరోగ్యం ఎలా ఉందో తెలుసుకోవడానికి స్మార్ట్ రిపోర్టు (డిస్క్ తన పరిస్థితి గురించి తనే రాసుకునే లెక్క) తీయండి. వచ్చిన పెద్ద పట్టికలో చూడాల్సినవి ఐదే వరసలు. 9వ నంబరు ఎన్ని గంటలు నడిచిందో చెబుతుంది, ఏడాదికి 8,760 గంటలు కాబట్టి 43,800 కనిపిస్తే ఆ డిస్క్ ఐదేళ్లు ఆగకుండా తిరిగిందని. 5వ నంబరు చెడిపోయి పక్కన పెట్టిన సెక్టార్లు (డిస్క్‌లోని చిన్న భాగాలు). 197 చదవలేక ఇంకా తేలకుండా ఉన్నవి, 198 ఇక చదవలేమని తేలినవి. ఈ మూడిట్లో సున్నా కాకుండా ఏదైనా ఉండి, వారం తర్వాత చూస్తే ఆ అంకె పెరిగి ఉంటే, కొత్త డిస్క్ ఆర్డర్ పెట్టడానికి ఇంకేమీ ఆలోచించక్కర్లేదు. 199 పెరుగుతుంటే మాత్రం డిస్క్‌ని తిట్టకండి, అది చాలావరకూ కేబుల్ గోల, యాభై నూరు రూపాయల సాటా కేబుల్ మారిస్తే ఆగిపోతుంది. పాత అంకె మాత్రం తగ్గదు, అలాగే ఉంటుంది, టెన్షన్ పడొద్దు.

కొత్త డిస్క్ కొనేటప్పుడు సీఎంఆర్ (డేటా వరసలు విడివిడిగా రాసే) రకమేనా అని మోడల్ నంబరుతో సహా చూసుకోండి. ఎస్‌ఎంఆర్ (వరసలు ఒకదాని మీద ఒకటి కొంచెం ఎక్కేలా రాసే) డిస్కులు ఒకేసారి పెద్ద మొత్తంలో రాయాల్సి వస్తే నత్తనడక నడుస్తాయి, రెయిడ్ రీబిల్డ్‌లో (పోయిన డిస్క్ బదులు పెట్టినదాన్ని మళ్లీ నింపేటప్పుడు) మరీ ఘోరం. 2020లో నాస్ కోసమని అమ్మిన డబ్ల్యూడీ రెడ్ డిస్కుల్లో కొన్ని ఎస్‌ఎంఆర్ అని బయటపడి పెద్ద గొడవైంది, ఆ తర్వాత సీఎంఆర్ వాటిని రెడ్ ప్లస్ అనే పేరుతో విడిగా పెట్టారు. కొత్త డిస్క్ రాగానే డేటా ఎక్కించేయకుండా స్మార్ట్ లాంగ్ టెస్ట్ ఒకటి నడపండి. రాత్రి పెడితే చిన్న డిస్కుకి తెల్లారేసరికి అయిపోతుంది, పెద్దదానికి ఇంకా ఎక్కువే పడుతుంది. పోయే డిస్కులు తరచుగా మొదట్లోనే పోతాయి, మీ డేటా లేనప్పుడు పోతే రిటర్న్ ఇచ్చి చేతులు దులుపుకోవచ్చు.

పాత సర్వర్ ఏం చేస్తోందో రాసుకోండి

ఇది ఎవరూ ఇష్టపడని పని, తర్వాత వచ్చే ఇబ్బందులు ఎక్కువగా పుట్టేదీ ఇక్కడే. ఒక కాగితం తీసుకుని నడుస్తున్న సర్వీసులు, కంటైనర్లు (యాప్‌లు విడివిడిగా నడిచే డబ్బాలు), క్రాన్‌లో (టైమ్ ప్రకారం వాటంతటవే జరిగే జాబితాలో) ఉన్న పనులు, ఏ డిస్క్ ఏ ఫోల్డర్‌కి మౌంట్ అయింది (ఎక్కడ తెరుచుకుంటుంది), సాంబా యూజర్లు, రూటర్‌లో ఇచ్చిన పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి నుంచి సర్వర్‌కి తెరిచిన దారులు), వైర్‌గార్డ్ అనే వీపీఎన్ కీలు అన్నీ రాయండి. తర్వాత ఇంట్లోవాళ్లని అడగండి. ప్రింటర్‌లో స్కాన్ నొక్కితే ఫైలు ఎక్కడికి వెళ్తోంది, నాన్నగారి గదిలో టీవీ పాటలు ఎక్కడి నుంచి ప్లే చేస్తోంది అని. పాత స్కానర్లు, పాత స్మార్ట్ టీవీలు ఎస్‌ఎంబీ 1 (నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంచుకునే పాత భాష) మాత్రమే మాట్లాడతాయి, 2019లో వచ్చిన సాంబా 4.11 నుంచి అది డిఫాల్ట్‌గా ఆఫ్. కొత్త సర్వర్ పెట్టిన మర్నాడు స్కాన్ పనిచేయట్లేదు అని ఇంట్లో గోల మొదలైతే కారణం ఇదే అయ్యే అవకాశం ఎక్కువ. మొత్తం నెట్‌వర్క్‌కి ఎస్‌ఎంబీ 1 తెరిచేయడం కంటే స్కానర్‌లో ఎఫ్‌టీపీ గానీ ఈమెయిల్ గానీ ఉందేమో చూడటం మంచిది.

బ్యాకప్ ముందు, స్క్రూడ్రైవర్ తర్వాత

పాత మెషీన్‌ని దుమ్ము దులపడానికి కూడా ఆఫ్ చేయకండి, ముందు బయటి డిస్క్‌లోకి పూర్తి బ్యాకప్ తీయండి. ఏళ్ల తరబడి ఆగకుండా వేడిగా తిరిగిన డిస్క్ ఒకసారి ఆగి చల్లబడితే మళ్లీ తిరక్కపోవచ్చు, పాత ఎస్‌ఎంపీఎస్‌లు కూడా ఆన్ చేసే క్షణంలోనే పోతుంటాయి. రెయిడ్ ఉంది కదా అనొద్దు. రెయిడ్ ఒక డిస్క్ పోతే కాపాడుతుంది, పొరపాటున ఫోల్డర్ డిలీట్ చేస్తే అదే తప్పు రెండు డిస్కుల్లోనూ వెంటనే చేస్తుంది. బ్యాకప్ తీశాక దాంట్లోంచి ఒక ఫొటో, ఒక వీడియో, ఒక పీడీఎఫ్ వేరే కంప్యూటర్‌లో తెరిచి చూడండి, వీడియోని మధ్యలోకీ చివరికీ జరిపి చూడండి.

కాపీ చేయడం

ముందు నెట్‌వర్క్ వేగం చూసుకోండి. గిగాబిట్ లింక్ మీద సెకనుకి 110 ఎంబీ దాకా వస్తుంది, 4 టీబీకి పది గంటలు. మధ్యలో ఎక్కడైనా పాత 100 ఎంబీపీఎస్ స్విచ్ ఉన్నా, కేబుల్‌లో ఒక్క తీగ తెగినా లింక్ వందకి పడిపోతుంది, అదే పనికి నాలుగు రోజులు పైగా పడుతుంది. రెండు మెషీన్లనీ ఒకే మంచి కేబుల్‌తో నేరుగా కలిపేయడం కూడా బాగా పనిచేస్తుంది.

కాపీకి ఆర్‌సింక్ అనే టూల్ వాడండి. పర్మిషన్లు, హార్డ్‌లింకులు (ఒకే ఫైలుకి ఉన్న రెండో పేర్లు), యూజర్ నంబర్లు ఉన్నవి ఉన్నట్టు తెచ్చే ఆప్షన్లు పెట్టి, ముందు డ్రై రన్ (ఏదీ కాపీ చేయకుండా రిహార్సల్) చేసి ఏమేం వెళ్తాయో చూసి, తర్వాత అసలు కాపీ. సోర్స్ ఫోల్డర్ పేరు చివర స్లాష్ పెడితే లోపలి ఫైళ్లు వెళ్తాయి, పెట్టకపోతే ఫోల్డరే వెళ్లి ఇంకో ఫోల్డర్‌లో కూర్చుంటుంది, డ్రై రన్‌లో ఇది కనబడిపోతుంది. మొదటి కాపీ సర్వీసులు నడుస్తుండగానే చేయొచ్చు. రెండోది, చివరిది, అన్నీ ఆపేసి చేయాలి, అప్పటికి మారినవే వెళ్తాయి కాబట్టి నిమిషాల్లో అయిపోతుంది. లినక్స్‌లో ఫైలు ఓనర్ అంటే పేరు కాదు, అంకె. పాతదాంట్లో అమ్మ యూజర్ 1001 అయితే కొత్తదాంట్లోనూ 1001 గానే తయారుచేయండి, లేకపోతే ఆవిడ ఫొటోలు ఆవిడకే తెరుచుకోవు. డిస్కులు జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌లో ఉంటే పని ఇంకా సులువు, స్నాప్‌షాట్ (ఆ క్షణంలో ఉన్నదాని చిత్రం) తీసి, అందులోనే ఉన్న సెండ్, రిసీవ్‌తో పంపేయడమే. పాత పూల్‌నే (జెడ్‌ఎఫ్‌ఎస్ డిస్కుల గుంపునే) కొత్త మెషీన్‌లో ఇంపోర్ట్ చేసేట్టయితే పూల్ అప్‌గ్రేడ్ చేయమని అది అడుగుతుంది, నెల దాకా చేయకండి, చేశాక ఆ పూల్ పాత మెషీన్‌లో తెరుచుకోకపోవచ్చు.

తెలుగులో ఫైళ్లకి పేర్లు పెట్టుకునేవాళ్లకి ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. విండోస్ ఎన్‌టీఎఫ్‌ఎస్ డిస్క్‌లో ఫైలు పేరు 255 అక్షర సంకేతాల దాకా ఉండొచ్చు. లినక్స్ ఈఎక్స్‌టీ4లో పరిమితి 255 బైట్లు. ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు, తెలుగులో ఒక్కో సంకేతానికి మూడు. పైగా గుణింతం, పొల్లు, ఒత్తు అన్నీ విడివిడిగా లెక్కలోకి వస్తాయి. శ్రీ అని రాస్తే శకారం, పొల్లు, రకారం, దీర్ఘం కలిపి నాలుగు సంకేతాలు, 12 బైట్లు. అంటే ఈఎక్స్‌టీ4లో తెలుగు పేరు 85 సంకేతాలు దాటకూడదు. యూట్యూబ్ నుంచి దించుకున్న ప్రవచనాలు, హరికథలు, వాటి పేర్లు ఎంత పొడుగుంటాయో తెలుసు కదా, అవన్నీ విండోస్ డిస్క్ నుంచి వచ్చేటప్పుడు పేరు మరీ పొడుగుంది అనే ఎర్రర్‌తో ఆగిపోతాయి. ఆర్‌సింక్ మిగతావి కాపీ చేసి, చివర్లో కొన్ని వెళ్లలేదని ఒక్క లైను చెప్పి ఊరుకుంటుంది. ఆ లైను చదవండి, లాగ్ ఫైల్లోకి రాయించుకోండి, పేర్లు కుదించి మళ్లీ నడపండి.

డేటాబేస్ ఉన్న యాప్‌లని ఫోల్డర్ కాపీతో తేవద్దు. ఇమిచ్ వెనక పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ ఉంటుంది, నడుస్తుండగా దాని ఫోల్డర్ కాపీ చేస్తే సగం సగం డేటా వస్తుంది, వెర్షన్ 14 ఫోల్డర్‌ని 16 తెరవదు కూడా. డంప్ (డేటాబేస్ మొత్తాన్ని ఫైలుగా రాసిన నకలు) తీసి కొత్తదాంట్లో రీస్టోర్ చేయండి. ఇమిచ్ రోజూ తనే ఒక డంప్ తీసి పెడుతుంది, కానీ దాంట్లో ఆల్బమ్‌లు, పేర్లు, ముఖాల సమాచారమే ఉంటుంది, ఫొటోలు ఉండవు, రెండూ తేవాలి. రెండు వైపులా ఒకే వెర్షన్ పెట్టండి. తరలింపు, అప్‌గ్రేడ్ రెండూ ఒకే రోజు పెట్టుకుంటే ఏదైనా చెడినప్పుడు దేనివల్ల చెడిందో తేల్చలేరు. నెక్స్ట్‌క్లౌడ్ (ఇంట్లో పెట్టుకునే గూగుల్ డ్రైవ్ లాంటిది) అయితే పెద్ద వెర్షన్లని దూకనివ్వదు, ఒక్కొక్క మెట్టే ఎక్కాలి. జెల్లీఫిన్‌కి సినిమాల ఫోల్డర్ పాత్ పాతదాంట్లో ఏముందో అదే ఉంచండి, ఎవరు ఎక్కడిదాకా చూశారన్నది పోకుండా ఉంటుంది.

మార్చే రోజు

ఇంట్లో ఎవరికీ ఆన్‌లైన్ క్లాసు, ఆఫీసు మీటింగ్ లేని సాయంత్రం చూసుకోండి, ఎందుకంటే ఇంట్లో అందరికీ వెబ్‌సైట్ల అడ్రసులు వెతికిపెట్టే పై-హోల్ ఆగితే ఇంట్లో అందరికీ ఇంటర్నెట్ పోయినట్టే ఉంటుంది. పై-హోల్ సెట్టింగులు దాంట్లోనే ఉన్న టెలిపోర్టర్‌తో ఎక్స్‌పోర్ట్ చేసి కొత్తదాంట్లో ముందే వేసి ఉంచండి. సర్వీసులు ఆపండి, చివరి ఆర్‌సింక్, చివరి డంప్, పాతది షట్‌డౌన్. ఆ తర్వాత రూటర్‌లో పాత ఐపీ అడ్రస్‌ని కొత్త మెషీన్ మ్యాక్ అడ్రస్‌కి (నెట్‌వర్క్ కార్డు సొంత నంబరుకి) రిజర్వ్ చేయండి. ఐపీ అదే ఉంటే టీవీలో, ఫోన్లలో, ప్రింటర్‌లో ఏదీ మార్చక్కర్లేదు, ఈ ఒక్క పనితో గంటల శ్రమ తప్పుతుంది. బయటి నుంచి చూడటానికి పోర్ట్ ఫార్వర్డింగ్ మీద ఆధారపడుతుంటే, మీ ఫైబర్ కనెక్షన్ సీజీనాట్ (చాలా ఇళ్లకి కలిపి ఒకే బయటి ఐపీ ఇచ్చే పద్ధతి) వెనక ఉంటే అది ఎలాగూ పనిచేయదు, టెయిల్‌స్కేల్ అనే వీపీఎన్ వేసుకోండి. అమెరికాలో ఉన్న అబ్బాయి ఇంటి ఫొటోలు చూడటానికి అదే చాలు.

మన ఇళ్లకి తప్పనిసరిగా కావాల్సిన సెట్టింగ్ ఒకటుంది. బయోస్‌లో కరెంటు తిరిగి వస్తే మెషీన్ దానంతటదే ఆన్ కావాలి అనే ఆప్షన్, చాలా ఆఫీసు మినీల్లో ఇది ఆఫ్‌లో ఉంటుంది. ఆన్ చేసి, ప్లగ్ పీకి, మళ్లీ పెట్టి చూడండి. ఇన్వర్టర్ ఉంటే వెనక యూపీఎస్ మోడ్ స్విచ్ ఉంటుంది, అందులో పెడితే మారే సమయం తగ్గి మెషీన్ రీస్టార్ట్ అవ్వదు. హార్డ్‌డిస్కులు తిరుగుతున్న సర్వర్‌కి మాత్రం చిన్న యూపీఎస్ ఉండాలి, అదీ యూఎస్‌బీ పోర్టు ఉన్నది, బ్యాటరీ అడుగంటుతున్నప్పుడు సర్వర్‌కి చెప్పి పద్ధతిగా షట్‌డౌన్ చేయించడానికి. 600 వీఏ చిన్నవాటిల్లో చాలావాటికి ఆ పోర్టు ఉండదు, కొనేముందు వెనక వైపు చూడండి. అటక మీద పెట్టకండి, మే నెలలో అక్కడ వేడికి డిస్కులు ఉడికిపోతాయి.

పాతదాన్ని నెల రోజులు కదపకండి. నెలలోపు ఎవరో ఒకరు ఫలానా ఫైలు కనబడట్లేదు అంటారు, అప్పుడు అది కావాలి. నెల దాటాక డిస్కులు బయటికి తీసి, 197, 198 సున్నాగా ఉన్న డిస్క్ ఒకదానికి పూర్తి కాపీ చేసి, ఊళ్లో అమ్మానాన్నల ఇంట్లోనో అక్క వాళ్లింట్లోనో పెట్టండి, పండక్కి వెళ్లినప్పుడల్లా లాప్‌టాప్‌కి తగిలించి కొత్త ఫొటోలు దాంట్లో ఎక్కించండి. అందులో భూమి కాగితాలు కూడా ఉంటాయి కాబట్టి ఎన్‌క్రిప్ట్ చేసి, పాస్‌వర్డ్ ఇంట్లో ఇంకొకరికి కూడా తెలిసేలా చూడండి. చెడిపోయిన డిస్కులని మొత్తం సున్నాలతో ఒకసారి రాసేశాకే పాత సామాన్ల వాడికి కాకుండా ఈ-వేస్ట్ తీసుకునే చోట ఇవ్వండి. రాయడానికి కూడా లొంగని డిస్క్ అయితే మూత విప్పి, లోపలి పళ్లేలని సుత్తితో కొట్టి ఇవ్వండి.